కోసిన చోటే మళ్లీ కణితి: నా గుర్రాన్ని ఏం చేయను?

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రం చెబుతాను.

ఆమె దగ్గర ఏడేళ్ల ఆడగుర్రం ఉంది. ముదురు గోధుమరంగుది, నెమ్మదైనది. ఆమె, కూతురు ఇద్దరూ దాని మీద స్వారీ చేస్తారు. రెండేళ్ల కిందట దాని ఛాతీ మీద, ముందుకాళ్ల మధ్య, గోలీ అంత గడ్డ కనిపించింది. పులిపిరేమో అనుకున్నారు. అది పెరుగుతుంటే డాక్టరును పిలిచారు. ఆయన చూసి ‘సార్కాయిడ్’ అన్నారు, మత్తిచ్చి కోసి తీసేశారు. గాయం చక్కగా మానింది. నాలుగైదు నెలలకు అదే మచ్చ అంచున మళ్లీ లేచింది. ఈసారి ఎర్రగా, పచ్చిపుండులా, ముందటికంటే పెద్దగా. అప్పుడు గుర్రాలు పెంచే పరిచయస్తుడొకాయన ఇచ్చిన నల్లటి లేపనం రాశారు. నొప్పికి గుర్రం మనిషిని దగ్గరికి రానివ్వలేదు. కొంత ముద్ద ఊడిపడింది, హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ పెరిగింది. ఇప్పుడు ఆ ఛాతీ పుండు కాక, జీను తంగు బిగించే చోట చర్మం కింద గట్టి గుండు ఒకటి, తొడ లోపలి వైపు వెంట్రుకలు రాలి గరుకుగా మారిన మచ్చలు రెండు, ఎడమకంటి పైరెప్ప దగ్గర చిన్న బొడిపె ఒకటి ఉన్నాయి. మేత మాత్రం బాగానే తింటోంది, హుషారుగానే ఉంది.

మొదటి డాక్టరు అన్నిటినీ ఒకేసారి తీసేద్దామంటున్నారు. రెండో అభిప్రాయం కోసం పిలిచిన డాక్టరు ‘కదిలించకండి, ముట్టుకుంటే రెచ్చిపోతాయి’ అన్నారు. పక్కశాలలో గుర్రాలున్నవాళ్లు ఇది అంటువ్యాధి, మీ గుర్రాన్ని ఇక్కడి నుంచి తీసుకెళ్లండి అంటున్నారు. భర్త నేరుగా ఏమీ అనరు కానీ బిల్లు వచ్చినప్పుడల్లా ‘ఇంకెన్నాళ్లు?’ అంటారట. ‘రోజూ రాత్రి టార్చిలైటు వేసుకుని దాని ఒళ్లంతా తడుముతాను. కొత్తది దొరికితే ఆ రాత్రి నిద్ర ఉండదు. దొరక్కపోతే సరిగ్గా చూశానో లేదో అని నిద్ర ఉండదు. ఆ లేపనం రాసి నేనే దాన్ని ఇలా చేశానేమో. అమ్మేయనా? ఉంచుకుని ఇలాగే బాధపెట్టనా? శాశ్వతంగా నిద్రపుచ్చమని అడగాల్సిన రోజు వచ్చేసిందా?’ అని అడిగారు. ఉత్తరం చివర ఇంకో వాక్యం: ‘దీనికి ఒక పిల్ల పుడితే బాగుండునని మా అమ్మాయి ఆశ.’

జవాబు:

నిద్రపుచ్చడం అన్న మాటతోనే మొదలుపెడతాను, మిమ్మల్ని ఎక్కువ భయపెడుతున్నది అదే కాబట్టి. మీరు రాసిన వివరాలను బట్టి ఆ రోజు రాలేదు. మేత తింటూ హుషారుగా తిరుగుతున్న ఏడేళ్ల గుర్రం మీది. సార్కాయిడ్ కణితే కానీ, ‘క్యాన్సర్’ అనగానే మనకు గుర్తొచ్చే కణితి లాంటిది కాదు. ఊపిరితిత్తులకో కాలేయానికో పాకి లోపలినుంచి ప్రాణం తీసే రకం కాదిది. ఉన్నచోట చర్మంలోకీ, దాని కింది పొరల్లోకీ చొచ్చుకుపోతుంది. అరుదుగా కనిపించే తీవ్రమైన రకం చర్మం కింద వరసగా గొలుసులా పాకుతుంది, దానికి కూడా లోపలి అవయవాల జోలికి వెళ్లే అలవాటు లేదు. గుర్రాన్ని బాధపెట్టేది కణితి ఉన్న చోటు, దాని పరిమాణం, అది పుండవడం. ఈ మాట గుర్తుంచుకోండి. కింద నేను చెప్పేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ప్రపంచంలో గుర్రాలకు వచ్చే చర్మపు కణితుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. దీని వెనకున్నది ఆవులకు పులిపిరులు తెప్పించే పాపిలోమా వైరస్, ముఖ్యంగా దానిలోని 1, 2 రకాలు. ఆవుల్లో మామూలుగా వచ్చి పోయే ఆ వైరస్ గుర్రం చర్మంలోకి చేరితే, అక్కడి కణాలను ఆగకుండా పెరిగేలా చేస్తుంది. అయితే వైరస్ తగిలిన ప్రతి గుర్రానికీ కణితి రాదు. పుట్టుకతో వచ్చిన జన్యువుల్లో లొంగిపోయే గుణం కూడా ఉండాలి. ఎక్కువగా 3 నుంచి 6 ఏళ్ల వయసులో మొదలవుతుంది. మీ గుర్రానికి మొదటి గడ్డ ఐదేళ్లప్పుడు వచ్చింది, అంటే సరిగ్గా ఆ వయసులోనే. మీరు చేసిన పని వల్లో, చేయని పని వల్లో వచ్చింది కాదు.

మళ్లీ మళ్లీ ఎందుకొస్తోందన్నది మీ అసలు ప్రశ్న. కణితి చుట్టూ చూడ్డానికి మామూలుగా, ఆరోగ్యంగా కనిపించే చర్మంలో కూడా ఆ వైరస్ జన్యువులు దొరుకుతాయి. నివురుగప్పిన నిప్పులా ఉంటాయవి. కంటికి కనిపించేంత మేర కోసి కుట్లు వేస్తే, గాయం మానే హడావుడిలో చుట్టూ మిగిలిన కణాలు రెచ్చిపోతాయి. అందుకే మామూలుగా కత్తితో కోసి వదిలేసిన సార్కాయిడ్లలో సగానికి అటూ ఇటూ తిరిగొస్తాయి, అదీ ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే, తరచూ ముందటికంటే మొండిగా. మీకు జరిగింది అచ్చంగా ఇదే. కనిపించే అంచుకు కనీసం ఒక సెంటీమీటరు అవతలి నుంచి, వీలైతే ఇంకా దూరం నుంచి కోయాలి. కణితిని తాకిన బ్లేడుతోనే ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని కోయకూడదు. తీసిన ముక్కను ల్యాబుకు పంపి అంచులు శుభ్రంగా వచ్చాయో లేదో చూడాలి. మీ గుర్రానికి ఇవన్నీ చేశారో లేదో ఉత్తరంలో లేదు. అడిగి తెలుసుకోండి, తగవు కోసం కాదు. అప్పటి రిపోర్టు ఉంటే తర్వాత చూసే డాక్టరుకు అది చాలా విలువైన కాగితం.

రిపోర్టే లేకపోతే, అసలిది సార్కాయిడేనా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నట్టు. ఛాతీ మీద ఎర్రగా మానని పుండు అనగానే అనుమానించాల్సినవి ఇంకా ఉన్నాయి. గాయం మానేటప్పుడు అతిగా పెరిగే కండ, ఈగలు మోసుకొచ్చే పురుగుల వల్ల వేసవిలో లేచే పుళ్లు, ఇంకో రకం చర్మ క్యాన్సర్. మీది తెల్లగుర్రమైతే ముందు నల్లకణితి, అంటే మెలనోమా, సంగతి అడిగేవాణ్ని. పుట్టాక రంగు మారి తెల్లబడే గుర్రాల్లో 15 ఏళ్లు దాటినవాటిలో దాదాపు 80 శాతానికి అది ఉంటుంది. మీ గుర్రం రంగు, వయసు, మచ్చల తీరు, అవి లేచిన చోట్లు అన్నీ కలిపి చూస్తే సార్కాయిడ్ అన్న మాటే సరిపోతోంది. అయినా ఛాతీ పుండు నుంచి ఒక ముక్క పరీక్షకు వెళ్లాలి. తొడ మీది మచ్చల జోలికి మాత్రం సూది, కత్తి పోనివ్వకండి. నిశ్శబ్దంగా ఉన్న చదును మచ్చను గుచ్చితే అది పుండుగా మారే ప్రమాదం ఉంది.

ఇక లేపనం సంగతి. నల్లటిది, రాస్తే మండేది, కండను ఊడగొట్టేది అన్నారు కాబట్టి, అందులో ‘బ్లడ్‌రూట్’ అనే మొక్క రసమూ జింక్ క్లోరైడూ కలిసి ఉండొచ్చు. అలాంటివి కొన్నిచోట్ల పశువైద్యులు కూడా వాడతారు. కానీ ఎంత లోతు కాల్చాలో, ఎప్పుడు ఆపాలో తెలిసి వాడతారు. పై ముద్దను కాల్చి అడుగుభాగాన్ని వదిలేస్తే, ఆ అడుగు రెచ్చిపోతుంది. ఆ లేపనం మేలు చేయలేదు, పుండును కొంత మొండిగా చేసి ఉండొచ్చు కూడా. మీరు అడిగారు కాబట్టి దాచకుండా చెబుతున్నాను. అయితే తంగు దగ్గరి గుండు, కంటిమీది బొడిపె, తొడ మచ్చలు దానివల్ల వచ్చినవి కావు. ఈ గుణం ఉన్న గుర్రాలకు ఒకటికి పది రావడం మామూలే. మిగిలిన డబ్బాను పారేయండి, మరీ ముఖ్యంగా కంటి దగ్గరికి దాన్ని తీసుకెళ్లకండి. ఇంతలో ఎవరో ఒకరు టూత్‌పేస్టు రాస్తే పోతుందని కూడా చెబుతారు, గుర్రాలవాళ్ల మధ్య అది బాగా తిరిగే చిట్కా. కొన్ని సార్కాయిడ్లు, ముఖ్యంగా చిన్న వయసు గుర్రాల్లో, ఏ మందూ లేకుండానే తగ్గిపోతాయి. ఆ సమయానికి ఏది రాస్తుంటే పేరు దానికొస్తుంది.

ఇప్పుడు మీ ఇద్దరు డాక్టర్ల విషయం. ఒకరు తీసేయమన్నారు, ఒకరు ముట్టుకోవద్దన్నారు, ఎవరిని నమ్మాలి అని మీ టెన్షన్. ఉత్తరం రెండుసార్లు చదివాక నాకేమనిపించిందంటే, ఇద్దరూ సరైన మాటే చెప్పి ఉంటారు, వేర్వేరు కణితుల గురించి. మీరు మాత్రం ఆ ఐదింటినీ కలిపి ఒకే జబ్బుగా, ఒకే నిర్ణయంగా మోస్తున్నారు. ‘నా గుర్రానికి నయమవుతుందా?’ అన్న ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేరు. ‘ఈ కణితిని ఈ నెలలో ఏం చేయాలి?’ అన్నదానికి జవాబుంది. విడివిడిగా చూద్దాం.

అన్నిటికంటే చిన్నదైన కంటిమీది బొడిపె గురించే నాకు ఎక్కువ ఆదుర్దా. రెప్ప చర్మం పల్చన. కణితి పెరిగితే కోయడానికి చుట్టూ చోటుండదు. కోస్తే రెప్ప సరిగ్గా మూసుకోదు, అప్పుడు కన్నే దెబ్బతింటుంది. కంటి చుట్టూ వచ్చిన సార్కాయిడ్‌కు మంచి ఫలితాలు చూపిన చికిత్స రేడియేషన్. ఇరిడియం-192 అనే రేడియోధార్మిక పదార్థాన్ని సన్నటి తీగలుగా కణితిలోనే అమర్చడం దానిలో ఒక పద్ధతి. కొద్ది కేంద్రాల్లోనే దొరుకుతుంది, ఖర్చు ఎక్కువ, గుర్రాన్ని అక్కడ కొన్నాళ్లు వదిలి రావాలి. రెండో దారి బీసీజీ సూది, మనుషులకు క్షయ రాకుండా ఇచ్చే టీకాయే. కణితిలోకి ఎక్కిస్తే గుర్రం రోగనిరోధక శక్తి దాని మీదికి లేస్తుంది. కంటి దగ్గరి గుండ్ల మీద ఇది బాగానే పనిచేస్తుంది, మిగతా చోట్ల అంత నమ్మకం లేదు. రెండో మోతాదు నుంచి ఉన్నట్టుండి ప్రాణాపాయమైన అలర్జీ రావచ్చు, అందుకే ముందుగా దాన్ని తగ్గించే మందులిచ్చి, డాక్టరు దగ్గరుండి చేయాలి. మూడో దారి, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందును కణితిలోకి ఎక్కించడం. సాధారణంగా రెండు వారాలకోసారి చొప్పున నాలుగుసార్లు. నాలుగో దారి చూస్తూ ఉండడం. దానికి అర్థం ఏమీ చేయకపోవడం కాదు. కొలిచి, ఫొటో తీసి, ఏ మాత్రం పెరిగినా ఆ వారమే కదలడం. ఈ ఒక్క కణితికి మాత్రం కంటి చుట్టూ సార్కాయిడ్లకు చికిత్స చేసిన అనుభవం ఉన్న నిపుణులకు చూపించండి, దూరమైనా సరే. వెళ్లడం కుదరకపోతే మీ డాక్టరు ఫొటోలు పంపి వాళ్లతో మాట్లాడవచ్చు. మీరు అడిగితే చాలామంది డాక్టర్లు సంతోషంగా ఆ పని చేస్తారు. సార్కాయిడ్ విషయంలో మొదటి చికిత్స బాగా జరిగితేనే గెలిచే అవకాశం ఎక్కువ, ప్రతి విఫల ప్రయత్నం తర్వాతిదాన్ని కష్టం చేస్తుంది. కంటిమీది దానికి మొదటి చికిత్స ఇంకా మీ చేతిలోనే ఉంది.

ఛాతీ పుండు సంగతి వేరు, దానికి మొదటి రెండు అవకాశాలూ అయిపోయాయి. ఈసారి ఒంటరిగా కత్తిని పంపితే మూడోసారి కూడా అదే కథ. లేజరుతో తీస్తే కోసినచోటే కణాలు కాలిపోతాయి, తిరిగి రావడం మామూలు కోతకంటే తక్కువ. గాయాన్ని చాలాసార్లు కుట్టకుండా తెరిచే ఉంచుతారు, మానడానికి వారాలు పడుతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది, తెలిసి ఉండండి. ముద్దను తీసేసి అడుగున సిస్‌ప్లాటిన్ ఎక్కించడం ఇంకో పద్ధతి. ఆ మందుకు విద్యుత్ తాకిడి జోడించే ఎలక్ట్రోకీమోథెరపీ కూడా ఉంది. ఫలితాలు చాలా బాగుంటాయి కానీ ప్రతిసారీ పూర్తి మత్తు ఇవ్వాలి, పూర్తి మత్తు అన్నది గుర్రానికి చిన్న విషయం కాదు. ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం పాత పద్ధతి, రెండు మూడుసార్లు గడ్డకట్టించి కరగనిస్తే చిన్నవాటికి ఇప్పటికీ పనికొస్తుంది. ఇంత పెద్ద పుండుకు అదొక్కటే చాలకపోవచ్చు. వీటిలో ఏది మంచిదని నన్ను అడక్కండి. మీ డాక్టరుకు చేయి తిరిగినదేదో, మీకు అందుబాటులో ఉన్నదేదో అదే మంచిది. ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా వేయండి: ‘ఇది తిరిగొస్తే, తర్వాత మన చేతిలో ఏం మిగులుతుంది?’ దీనికి జవాబున్న డాక్టరు ప్లాన్ ఉన్న డాక్టరు.

సిస్‌ప్లాటిన్ కానీ, ఫైవ్ ఫ్లోరోయురాసిల్ అనే ఇంకో క్యాన్సర్ మందు కలిసిన క్రీం కానీ వాడాల్సి వస్తే ఇంకో జాగ్రత్త. ఇవి మనుషులకూ హాని చేసే మందులు. తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. గర్భిణులు దగ్గరికి రాకూడదు. కుక్క కానీ పిల్లి కానీ నాకితే ప్రాణం మీదికొస్తుంది. మీ అమ్మాయికి ఆ రోజుల్లో మాలీసు పని అప్పగించకండి.

తంగు దగ్గరి గుండు గుర్రాన్ని బాధపెట్టేది జీను వేసినప్పుడే. ఒరుసుకుంటే పుండవుతుంది, పుండయితే ఈగలు వాలతాయి, అక్కడినుంచి ఛాతీ పుండు కథ మళ్లీ మొదలు. కాబట్టి దాని సంగతి తేలేదాకా స్వారీ ఆపండి, లేదా తంగు దాన్ని తాకకుండా అమరే జీను దొరుకుతుందేమో చూడండి. చర్మం కింద గుండు విడిగా కదులుతుంటే, శుభ్రమైన అంచులతో మొత్తంగా తీయడానికి అనువైనది ఇదే. చిన్నగా ఉన్నప్పుడే చేయించడం నయం. స్వారీ పూర్తిగా మానేసి గుర్రాన్ని పచ్చికలో వదిలేద్దామనుకుంటే, ఇదే గుండుకు ఏ చికిత్సా అక్కర్లేకపోవచ్చు. చూశారా, కణితి అదే. మీరు గుర్రంతో ఏం చేయదలచుకున్నారన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది.

తొడ మచ్చలను వదిలేయండి. మీ రెండో డాక్టరు ‘కదిలించకండి’ అన్నది బహుశా వీటి గురించే. వెంట్రుకలు రాలిన చదును మచ్చలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి, కొన్ని మాయమవుతాయి కూడా. గోకకండి, బ్రష్షుతో రుద్దకండి.

ఇక ఆ రాత్రి టార్చిలైటు ఆపేయాలి. ఇది సలహా అనుకోకుండా, బతిమాలడం అనుకోండి. సార్కాయిడ్ ఒక్క రాత్రిలో పెరిగేది కాదు. మీరు రోజూ తడిమినందువల్ల అది ముందు దొరకదు, మీరు అలిసిపోతారంతే. నెలకోసారి, పట్టపగలు, ఒకే వరసలో చూడండి: చెవులు, కళ్ల చుట్టూ, పెదవుల మూలలు, మెడ, ఛాతీ, ముందుకాళ్ల చంకలు, తంగు జాగా, పొట్ట కింద, పొదుగు, తొడల మధ్య. ప్రతి కణితి పక్కనా ఒక స్కేలు పెట్టి, అంతే దూరం నుంచి ఫొటో తీసి, తేదీ రాసుకోండి. మన కంటికి భయమున్నప్పుడు ప్రతిదీ పెరిగినట్టే కనిపిస్తుంది, స్కేలుకు భయం లేదు. కంటిమీది దాన్ని మాత్రం వారానికోసారి చూడండి. మధ్యలో ఎక్కడైనా రక్తం కారినా, ఉన్నట్టుండి వాచినా, వాసన వచ్చినా నెల దాకా ఆగక్కర్లేదు. ఒంటి మీద ఏ చిన్న గాయమైనా త్వరగా మాన్పించండి, గాయమైన చోట సార్కాయిడ్ లేవడం బాగా తెలిసిన విషయమే. ఆ తనిఖీ రోజున మీ అమ్మాయిని కూడా పక్కన నిలబెట్టుకోండి. పిల్లలకు మనం చెప్పని భయం చెప్పిన భయం కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

పక్కశాలవాళ్ల మాటలో పూర్తి అబద్ధం లేదు, పూర్తి నిజమూ లేదు. వెనక వైరస్ ఉన్న మాట నిజం. ఈగల ఒంట్లో ఆ వైరస్ జన్యువులు దొరికిన మాటా నిజం. కానీ ఒక గుర్రం నుంచి పక్క గుర్రానికి జలుబులా అంటుకునే జబ్బు కాదిది. ఒకే శాలలో ఏళ్ల తరబడి ఒక గుర్రానికి ఉండి మిగతావాటికి రాకపోవడం మామూలుగా చూసేదే. మనుషులకు అంటదు. వాళ్లతో వాదించకండి. ‘పుండును ఈగలు వాలకుండా చూస్తాను. మా బ్రష్షులు, జీను, దుప్పటి, నీళ్ల స్పంజీ వేరుగా పెడతాను. మీకు అనుమానముంటే మా డాక్టరుతో మాట్లాడండి’ అని చెప్పి, అన్నంత పనీ చేయండి. ఈగల వలముసుగు, ఈగల్ని తరిమే మందు, పేడ ఎప్పటికప్పుడు తీసేయడం ఎలాగూ మీ గుర్రానికే అవసరం. అయినా వినకపోతే, వాళ్ల గుర్రాలకు దూరంగా ఉన్న గదికి మార్చడంలో చిన్నతనమేమీ లేదు. మందు పెట్టేటప్పుడు చుట్టూ చూపులు లేకపోవడం మీకే హాయి.

మీ వారి ‘ఇంకెన్నాళ్లు?’ మిమ్మల్ని గుచ్చుతోందని అర్థమైంది. కానీ అది న్యాయమైన ప్రశ్న. దానికి తేదీ చెప్పలేరు, హద్దు చెప్పగలరు. ఇద్దరూ కూర్చుని, డాక్టరు చెప్పిన అంచనాలు ముందు పెట్టుకుని, ఈ ఏడాది దీనికి ఎంతవరకు పెట్టగలం అని ఒక అంకె రాసుకోండి. ఆ అంకె చిన్నదైతే మొత్తం కంటికి పెట్టండి. ఛాతీ పుండును శుభ్రంగా, ఈగలు వాలకుండా చూసుకుంటూ నెట్టుకురావచ్చు. గుర్రాన్ని స్వారీ నుంచి తప్పించడమూ ఒక దారే, అందులో గుర్రానికి పోయేదేమీ లేదు. కాకపోతే మీకూ మీ అమ్మాయికీ అది నష్టమే, ఆ నష్టాన్ని కొట్టిపారేయమని నేను అనను.

నిద్రపుచ్చడం గురించి కూడా ఇప్పుడే, తల చల్లగా ఉన్నప్పుడే, డాక్టరుతో మాట్లాడి నాలుగు ముక్కలు రాసిపెట్టుకోండి. పుండు ఎంత చేసినా అదుపులోకి రాకపోవడం, నొప్పి మందులతో కూడా తగ్గకపోవడం, మేత మానడం, చికిత్స బాధ కణితి బాధను మించిపోవడం. ఇలాంటివి ముందే రాసుకుంటే, ప్రతి రాత్రీ మనసులో ఆ కోర్టు నడపక్కర్లేదు. ఆ కాగితంలో ఉన్నవి కనిపించేదాకా ఆ ప్రశ్నను పక్కన పెట్టేయవచ్చు.

అమ్మకం మీ హక్కు, కానీ దాచి అమ్మకండి. కొనేవాళ్ల డాక్టరు పరీక్షలో తంగు దగ్గరి గుండు చేతికి తగులుతుంది, ఛాతీ మచ్చ దాని కథ అదే చెబుతుంది. దాచిపెట్టి అమ్మితే గొడవ మీ ఇంటికి వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, కథ తెలియని కొత్త యజమాని మళ్లీ మొదటినుంచి కోతతో మొదలుపెడతాడు. అన్నీ చెప్పి, రిపోర్టులు చేతికిచ్చి అమ్మితే ధర బాగా పడిపోతుంది, కొనేవాళ్లూ తక్కువే. స్వారీ అక్కర్లేకుండా తోడుగుర్రం కోసం చూసేవాళ్లకు ఇవ్వడం ఇంకో దారి. నాకైతే, కంటి సంగతి తేలకముందు అమ్మకం మాట ఎత్తడం తొందరపాటు అనిపిస్తోంది. సగం చికిత్సలో ఉన్న గుర్రం చేతులు మారితే ముందుగా తెగిపోయేది ఆ చికిత్సే.

ఇక మీ అమ్మాయి ఆశ. దీనికి పిల్ల పుడితే దానికీ సార్కాయిడ్ వచ్చి తీరుతుందని ఎవరూ అనలేరు. కానీ లొంగిపోయే గుణం వంశంలో వస్తుంది, ఇన్నిచోట్ల, ఇంత చిన్న వయసులో వచ్చిన తల్లి నుంచి పిల్లను కోరుకోవడం నేను సమర్థించను. పైగా కడుపుతో ఉన్నప్పుడు సిస్‌ప్లాటిన్ లాంటి మందులు వాడడం కుదరదు, అంటే ఆ పదకొండు నెలలూ కంటి చికిత్సకు సగం తలుపులు మూసుకుపోతాయి. అమ్మాయికి ఈ రెండో కారణం ముందు చెప్పండి, అది తేలిగ్గా అర్థమవుతుంది. మొదటిదాన్ని డాక్టరు చెబితే బాగుంటుంది. కంటిమీది బొడిపెను చూపించడానికి వెళ్లేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, తన ప్రశ్నలు తననే అడగనివ్వండి.